బడి వెనక పేలిన లడి

అలియాబాద్ గండయ్య ముచ్చట్లకు కొలత ఉండదు. శామీర్‌పేట చెరువుల తాను పట్టిన బొచ్చెచేప తోక ఆడిస్తే మేడ్చల్ దాకా వాన పడ్డదంటడు. అసొంటి మనిషి ఆ పొద్దు బడి గేటు ముందర నోట మాట రాక నిలవడ్డడు. గేటుకు నిలువెత్తు పటాకుల లడి ఏలాడుతున్నది.

ఇయ్యాల బడి పిల్లలకు లడాయి ఎందుకు వద్దో చెప్పేది హనాన్. సూడాన్ పిల్ల, పంతొమ్మిదేండ్లది. లడాయిల ఇల్లు కూలితే తమ్మునితోని దేశం దాటొచ్చి, గండయ్య ఇంటి మీది అర్రల కిరాయికుంటున్నది. తెలుగు గండయ్య భార్య వజ్రమ్మ దగ్గర నేర్చింది గనుక తిట్లు ముందొచ్చినయి, మాటలు తర్వాత. అల్వాల్ బడిల ఒకసారి గిట్లనే మాట్లాడ లేచి, నోరు పెగలక కూసున్నది. "ఈసారి గూడ చెప్పకపోతే ఇగ ఎన్నడు నోరు తెరువ, తాతా" అన్నది పొద్దుగాల.

పెండ్లి బరాత్‌ల పటాకులు మోగితే ఆ పిల్ల మంచం కిందికి దూరుడు గండయ్య కండ్లార చూసిండు.

"అంజయ్యా, తియ్యి గది."

బడి కమిటీ పెద్ద అంజయ్య నవ్విండు. "పటాకులు లేకుంట పిలిస్తె మనూరి ఇజ్జత్ ఏం గావాలె, మామా? సూడాన్ రాజు బిడ్డ అని ఊరంత చెప్పింది నువ్వే గద?"

"రాజు బిడ్డనో, రైతు బిడ్డనో. ఆ పిల్ల ముందర కాల్చకు, నీకు దండం వెడత."

"సరే, ముందర కాల్చ" అని లడి ఇప్పి చంకల వెట్టుకున్నడు.

హనాన్ తరగతిలకు వచ్చి, పిల్లల ముందర బల్ల అంచు గట్టిగ పట్టుకున్నది. "మా గల్లీల రొట్టెల దుకానం ఉండె. పొద్దుగాల అందరం లైన్ గట్టేటోళ్లం..." మాట నడుస్తున్నది. గండయ్య పిల్లల పక్కన కూసొని వింటున్నడు.

అప్పుడు బడి వెనక లడి అంటుకున్నది. అంజయ్య మాట తప్పలే, ముందర కాల్చలే.

హనాన్ బల్ల కిందికి దూరింది. పిల్లలు ఇదేదో ఆట అనుకొని, నవ్వుకుంట తమ బల్లల కింద దూరిండ్రు. ఆమె మొఖం చూసినంక ఒక్కొక్కల నవ్వు ఆగింది. గండయ్య మోకాళ్లు పట్టుకొని ఆమె పక్కన చతికిలవడ్డడు.

"అయిపోయిందా, తాతా?"

ఎన్నడు లేంది గండయ్యకు అబద్ధం దొరకలే. "ఇంకా ఉన్నది బిడ్డా. ఉత్త పటాకులే."

చప్పుడు ఆగింది. ఎవ్వలు లేవలే. కిటికీలకెళ్లి పొగ వస్తున్నది. కొంచెంసేపటికి హనాన్, కండ్లు మూసుకునే, మొదలువెట్టింది.

"దుకానం కాడ గూడ గిట్లనే దాక్కున్నం. లైన్ల నా ముందర ఒక అవ్వ ఉండె..."

అంజయ్య అగ్గిపెట్టెతోని తలుపు కాడ నిలవడ్డడు. కూసో అని గండయ్య సైగ జేసిండు. అంజయ్య గడప మీదనే కూలవడ్డడు. పిల్లలు బల్లల కిందనే ఉండి వింటున్నరు.