మాబున్ని గది

ప్రొద్దుటూరు బజారులో పొద్దున్నే బట్టల అంగడి తెరవడం రామాంజనేయులుకు ఒక పూజ. ముందు గడపకు నీళ్లు చల్లాలి. తర్వాత తెల్లపరుపు దులిపి పరవాలి. గజంబద్దను తడిగుడ్డతో తుడిచి కళ్లకద్దుకోవాలి. ఆ తర్వాతే మొదటి తాను అరలోంచి కిందికి దిగేది. వేసవి సెలవులకు హైదరాబాదు నుంచి కొడుకు చెన్నకేశవులు వచ్చి ఆ పరుపు మీద కూర్చున్నాడంటే మాత్రం పూజ కాస్తా చెడేది. వాడి కాలు ఆగదు. మోకాలు ఆడితే పరుపు ఆడుతుంది, పరుపు ఆడితే తాన్లు జారుతాయి, రవికగుడ్డ కొనడానికొచ్చిన ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటారు. కాలు కుదురుగా పెట్టుకోరా అని తండ్రి చెప్పని రోజు లేదు.

చెన్నకేశవులు చదివేది ఆర్కిటెక్చర్. రెండు రాష్ట్రాలు కలిసి ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలో ప్రొద్దుటూరులో ఆ మాట నోరు తిరిగిన వాళ్లే తక్కువ. మేస్త్రీ పనికి అంత దూరం పోయి చదవాలా అని చుట్టాలు వేళాకోళం చేసేవాళ్లు. దానికి తోడు పోయినేడు అతను ఏదో పుస్తకంలోని గోపురం చూసి గీసి ఇచ్చి పట్టుబడ్డాడు. ఈ వేసవిలో మీ సీమలోనే తిరిగి, నీ కంటికి నచ్చిన కట్టడం ఒకటి చూసుకుని, నీ చేత్తో కొలిచి పటం గీసుకుని కాలేజీ తెరిచే రోజుకు రా, లేకుంటే రావద్దు అన్నాడు కాలేజీ పంతులు. ఆ మాట విని రామాంజనేయులు పైకి బాధపడ్డాడు గానీ లోలోపల సంబరపడ్డాడు. పటం కుదరకపోతే ఆ పరుపు మీద గల్లాపెట్టె పక్కన కొడుకు చోటు ఖాయం.

ఆ చోటు తలచుకుంటేనే చెన్నకేశవులుకు ఊపిరాడేది కాదు. గండికోటకు పోయి ధాన్యపు కొట్టు గీశాడు, చించేశాడు. మసీదు మినార్లు గీశాడు, అవీ చించేశాడు. అన్నీ ఎవరో ముందే గీసినట్టున్నాయి. పెన్న పక్కన ఎండలో ఊరూరా తిరిగి ముఖం నల్లబడింది తప్ప పటం పడలేదు. చివరికి జమ్మలమడుగులో కాఫీ హోటల్లో కూర్చున్నప్పుడు మాబున్ని గది మాట చెవిన పడింది.

ఆ చుట్టుపక్కల దాని సంగతి తెలియనివాళ్లు లేరు. ఎవరింట్లోనైనా కాన్పుకో, జబ్బుమనిషికో, కొత్తగా పెళ్లయి అత్తామామలతో ఒకే కొట్టంలో సర్దుకునే జంటకో చోటు లేకపోతే మాబున్ని అనే పెద్దామె ఇంటి గది లేచి వెళ్లి ఆ ఇంటి పక్కగోడకు ఆనుకుని నిలబడేది. పని తీరాక వాళ్లు పేడతో అలికి, గొళ్లెం పెట్టకుండా తలుపు దగ్గరగా వేసి వదిలేవాళ్లు. అది తన దోవన తాను పోయేది. వచ్చేటప్పుడు కోళ్లగూడును పక్కకు నెట్టేసిందని సణిగిన వాళ్లున్నారు గానీ, ఎట్లా వచ్చిందని అడిగిన వాళ్లు లేరు.

చెన్నకేశవులు దాని వెంట పడ్డాడు. అతను మైలవరం చేరేసరికి అది వేరే ఊరికి పోయింది. అక్కడికి పోతే నిన్ననే పోయిందన్నారు. వైశాఖం సగమయ్యాక ఒక పొద్దున అది మాబున్ని పెరట్లోనే తీరిగ్గా నిలబడి కనిపించింది. లోపలికి అడుగుపెట్టాడు. మట్టిగోడలు, నాపబండల నేల, మిద్దెలోని గవాచి కంత నుంచి దిగిన పళ్లెమంత వెలుగు. అంతకు మించి ఏమీ లేదు. కానీ గోడకు వీపు ఆనించి కూర్చున్న కాసేపటికి తన కాలు ఆడడం లేదని గమనించాడు. ఇదే నా కట్టడం అనుకున్నాడు, సంతోషంతో కళ్లు చెమర్చాయి.

మాబున్ని అడ్డు చెప్పలేదు. ఒక్క మాట మాత్రం అంది. "గొళ్లెం పెట్టుకోవాకు నాయనా. లోపల మనిషుండాడా లేడా అని అది సూడదు. పని పడితే లేచి పోతాది. తలుపు తీసి పెట్టుకుంటే నువ్వు దిగిపోవచ్చు."

అతను మూడునాళ్లు కూర్చుని గీశాడు. గీత మీద గీత తేనెలా జారింది. ఇంకొక్క పూట పనుందనగా వీధిలో పిల్లల గోల ఎక్కువైతే గొళ్లెం బిగించాడు. మధ్యాహ్నపు వడగాలికి బయట ఆకు కాలిపోతుంటే లోపల చల్లగా కునుకు పట్టింది.

తలుపు బాదిన చప్పుడుకు లేచి గొళ్లెం తీశాడు. ఎదురుగా మాబున్ని పెరడు లేదు. కట్టేసిన గుర్రం, పక్కన జట్కా, గుమికూడిన ఆడవాళ్లు ఉన్నారు. అది పులివెందుల. జట్కా తోలే ఖలందర్ ఇల్లు. ఖలందర్ తల్లి జైబున్నీసా అతని చెయ్యి పట్టుకుని బయటికి లాగి, నొప్పులు పడుతున్న కోడలు ఖాజాబీని లోపలికి తీసుకుపోయి తలుపు వేసుకుంది. దీపాలు పెట్టే వేళకు ఆడపిల్ల ఏడ్పు వినపడింది. అందరూ నవ్వుతున్నారు, చెన్నకేశవులు కూడా నవ్వాడు. అప్పుడు గుర్తొచ్చింది, పటం లోపలే ఉండిపోయింది.

"కాగితం ఒక్కటి ఇప్పియ్యమ్మా, చాలు," అని జైబున్నీసాను బతిమాలాడు.

"పురిటి గదిలో ఉండిపోయిన వస్తువు నలభై దినాలు కానిది బయటికి రాదప్పా. బిడ్డకు మంచిది గాదు."

"అప్పటికి మా కాలేజీ తెరిచేస్తారు."

"మీ కాలేజీకి నలభై దినాలు ఓర్చుకునేది తెల్దా?"

ఊళ్లో పెద్దమనుషుల దగ్గరికి పోయాడు. వాళ్లు మజ్జిగ ఇచ్చి, పురిటి గది ముందు మా పెద్దరికం ఏం పనికొస్తుందన్నారు. కదిరి రోడ్డు మీద ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాడు. పటం వదిలేసి ఇంటికి పోలేడు, ఉండి చేసేదీ లేదు. ఖలందర్ ఇల్లంతా ఒకటే కొట్టం. అందులోనే పొయ్యి, అందులోనే ఇద్దరు పెద్దపిల్లలు, అందులోనే గుర్రానికి గడ్డి. మాబున్ని గది వెళ్లిపోయాక పసిబిడ్డతో ఖాజాబీ ఆ గడ్డి దుమ్ములోకే రావాలి.

ఇంటి వెనక రాళ్లు, విరిగిన నాపబండలు, ఎవరో పారేసిన పశువుల కొట్టం వాకిలి తలుపుతో సహా కుప్పగా పడున్నాయి. ఒకనాడు ఖలందర్ వాటిని చూపించాడు. "ఇవన్నీ బాడుగలకు పోయినప్పుడల్లా ఏరుకొచ్చి ఏస్తాండా. ఎట్ల మొదలుపెట్టాల్నో తెల్డం ల్యా. నువ్వు సదివేది ఇదే గదప్పా?"

ఇంతవరకు రాయి మీద రాయి పెట్టింది లేదని చెప్పడానికి చెన్నకేశవులుకు నోరు రాలేదు. సరేనన్నాడు. గుర్రం తోలేవాడొకడు, గీతలు గీసేవాడొకడు, ఇద్దరూ ఇద్దరే. మొదటి గోడ సాయంత్రానికే కూలింది. రెండోది నిలబడింది గానీ నడిమధ్యన ఉబ్బింది. జైబున్నీసా దాన్ని కాసేపు చూసి, ఈ గోడకు కూడా నెలలు నిండినట్టుండాయి, మంత్రసానిని పిల్సాల్నా అని అడిగింది. దాన్ని విప్పి మళ్లీ కట్టారు. వాకిలి పశువుల కొట్టానిది కాబట్టి ఎవరైనా తలవంచే దూరాలి. వాసాలు పరిచి, బండలు కప్పి, వాన దిగకుండా మీద చౌడుమట్టి పోస్తుంటే చివరి మూలకు వచ్చేసరికి బుట్టలు ఖాళీ అయ్యాయి. తర్వాత చూద్దాంలే అనుకున్నారు.

కాలేజీ తెరిచే రోజు దాటిపోయిందని రెండు రోజుల తర్వాత గానీ అతనికి గుర్తు రాలేదు. రాళ్ల మీద కూలబడి ఏడ్చాడు. తనది కాని ఇంట్లో, తనకు రాని పనిలో పడి ఉన్న ఒక్క దారి మూసుకున్నాననిపించింది. ఖలందర్ టీ తెచ్చి పెట్టి పక్కనే కూర్చున్నాడు.

నలభై దినాలు నిండాయి. ఖాజాబీ పురిటి స్నానం చేసింది. పటం బయటికి వచ్చింది. దానికి మరక కూడా అంటలేదు, గీతల్లో తప్పు లేదు. చెన్నకేశవులు దాన్ని చూశాడు, ఏమీ అనిపించలేదు. పిల్ల గుడ్డల పెట్టె అడుగున పరుచుకోవడానికి బాగుంటుందని జైబున్నీసా అంటే ఇచ్చేశాడు. అలికి వదిలిన మాబున్ని గది మధ్యాహ్నానికే వెళ్లిపోయింది. ఖాజాబీ ఆ పూట కొత్తగదిలో పడుకుంది.

మర్నాడు ఆమెను పుట్టింటికి వేంపల్లెకు తీసుకుపోవాలి. కొత్తగదిని ఊడ్చి తలుపు దగ్గరగా వేశారు. దానికి గొళ్లెం బిగించే సంగతి ఇద్దరికీ తోచనే లేదు. చెన్నకేశవులు కూడా అదే జట్కాలో వేంపల్లె దాకా వచ్చి ప్రొద్దుటూరు బస్సెక్కాడు. తండ్రికి ఏం చెప్పాలో దారిపొడుగునా కూడబలుక్కున్నాడు. రేపటి నుంచి ఆ పరుపు మీద కూర్చుంటాను, గజంబద్ద పట్టుకుంటాను. ఇవి తప్ప మాటలు దొరకలేదు.

వీరపునాయునిపల్లెలో ఇంజన్లో నీళ్లు పోయడానికి బస్సు ఆగింది. కిటికీలోంచి చూస్తే రోడ్డు పక్కనున్న ఇంటి గోడకు ఆనుకుని ఒక గది కనపడింది. విప్పి మళ్లీ కట్టినా తిన్నగా రాని ఆ గోడను అతను ఎక్కడున్నా గుర్తుపడతాడు. పొద్దున ఆ తలుపు దగ్గరగా వేసింది తనే. బస్సు దిగి, పరుగులాంటి నడకతో పోయాడు.

లోపలినుంచి ఒక పెద్దామె తలవంచుకుని బయటికి వచ్చింది. ఆ ఇంటి పద్మావతమ్మ. అతనెవరో అడక్కుండానే గొంతు తగ్గించి చెప్పుకొచ్చింది.

"మా ఇంటాయప్ప మంచంపట్టి నెల దాటింది. ఇంట్లో జాగా ల్యాక పంచలో ఏసినాం. ఎండ, దుమ్ము, పొయ్యేవాళ్లూ వచ్చేవాళ్లూ. ఈ పొద్దు గిన్నెలు తోముతాంటే ఇదొచ్చి నిలబడింది. మాబున్ని గది గాదప్పా, ఎవురు కట్టినారో తెల్దు. వాకిలి శానా పొట్టిది. అయినా సల్లగుండాది. ఇన్ని దినాలకు ఇప్పుడు కంటినిండా నిద్ర పోతాండాడు."

లోపల మంచం మీద మనిషి గురక సన్నగా వినపడింది. చెన్నకేశవులు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. రోడ్డు మీద కండక్టర్ రెండుసార్లు కేకేశాడు, ఇతను పొమ్మని చెయ్యి ఊపాడు. ప్రొద్దుటూరు బస్సు అతను లేకుండానే పోయింది.

పడమట మబ్బు పట్టింది. అతను వెనక్కి నడిచి, తలెత్తి మిద్దె అంచు చూసుకున్నాడు.

"ఇంట్లో నిచ్చెన ఉందా పెద్దమ్మా? ఆ మూల చౌడు పల్చగా పోసినాను. వానొస్తే ఆయనమీదే కారుతాది."

పద్మావతమ్మ గడ్డివామి వెనక్కి చెయ్యి చూపించి, చౌడు ఎక్కడ దొరుకుతుందో చెప్పింది.