తిరగెయ్యకూడని చేప

కొత్త ఏడాది ముందురోజు చైనాలోని మా ఫూజియన్ రేవులో ప్రతి ఇంటా తలా తోకా ఉన్న చేప వండుతారు, ఏడాది మొదలూ చివరా నిండుగా ఉండాలని. పైవైపు తిన్నాక నడిముల్లు తీసేసి అడుగువైపు తింటాం. తిరగేస్తే మాత్రం పడవ తిరగబడుతుందని జాలరి ఇళ్ల పట్టింపు.

నాన్న పడవ బోల్తాపడి ఏళ్లయింది. మా ఇంట్లో ఇప్పుడు వేటకు వెళ్లేవాళ్లే లేరు. అయినా అమ్మ ఆ పట్టింపు వదల్లేదు. నాకు ఒళ్లు మండేది.

ఈసారి పండక్కి నా భర్త కైవెన్ తొలిసారి వచ్చాడు. సముద్రం ఎరగని ఊరివాడు. "అత్తయ్యా, అసలు కండంతా అడుగునే ఉంది!" అంటూ అన్నం తినే పుల్లలతో చేపను బోర్లించేశాడు.

అమ్మ చెయ్యి ఆగిపోయింది. కైవెన్‌కి ఏం చేశాడో అర్థం కాలేదు.

"పోనీలేమ్మా, ఇంకా మునగడానికి మనకు పడవెక్కడ ఏడిసింది?" అన్నాను.

అమ్మ పుల్లలు చేపకిందికి పోనిచ్చి, చెదిరిపోకుండా, మెల్లగా వెనక్కి తిప్పింది.

"ఆ పూట మీ నాన్న పక్కన ఇంకో పడవుంటే," అంది, "ఎవరో ఒకరు ఇలాగే తిప్పేవాళ్లు కదే."