ఎలుక మెదడు మీద నా గీతలు

నేను ఒక కోత యంత్రాన్ని. కూరగాయలు కోసేదాన్ని కాదు. చచ్చిన ఎలుక మెదడుని మైనంలో బిగించి ఇస్తే ఉల్లిపొరకంటే పల్చగా కోసిపెట్టేదాన్ని. మైక్రోటోమ్ అంటారు నన్ను. పుట్టింది అంబాలాలో. నూనె పూసి, గడ్డిలో చుట్టి, లారీ ఎక్కించి విశాఖపట్నం పంపారు. మొదట ఓ ఆసుపత్రిలో మనుషుల కణుతులు కోశాను. అది మూతపడ్డాక వేలంలో ప్రొఫెసర్ చంద్రమౌళి చేతికొచ్చాను. కణుతులే నయం.

ఈయన మెదడు పరిశోధనలో పెద్ద పేరున్నవాడు. ఎలుకని ముట్టుకుని ఏళ్ళయింది. అయినా ఆ ల్యాబులో ఎవరు ఏ వ్యాసం రాసినా చివర ఆయన పేరుండాల్సిందే. అక్కడ అదే ఆచారం: చాకిరీ చేసినవాళ్ళ పేరు మొదట, యజమాని పేరు చివర. పొద్దున వస్తూనే కంప్యూటర్ తెరిచి, తన వ్యాసాలని లోకంలో ఎంతమంది ప్రస్తావించారో చూసుకునేవాడు. వాటినే సైటేషన్లంటారు. అవి పెరగని రోజున ల్యాబులో ఎలుకల బతుకే హాయి.

ఆయన దగ్గర ఎస్తేరు అని రేపల్లె పిల్ల పీహెచ్‌డీ చేసేది. అప్పటికే నా కత్తి అంచు విరిగి ఉంది. మార్పించమని ఆమె ఎన్నిసార్లు అడిగినా ఈయన చెవినపెట్టలేదు. ఆ కత్తితోనే కోస్తే పొరలన్నిటి మీదా సన్నటి గీతలు పడ్డాయి. ఆయన మైక్రోస్కోపులో చూసి గంతేశాడు.

“అమ్మాయ్! ఇంతవరకూ ఎవడూ చూడని నరాల వరసలివి!”

“నరాలు కాదండి సార్, కత్తి గాట్లండి. మెదడుని అడ్డంగా తిప్పి కోసినా గీతలు కత్తి నడిచిన వైపే పడుతున్నాయండి.”

“నీకు పీహెచ్‌డీ కావాలా, వాదన కావాలా?”

ఆయన చెప్పినట్టే ఆ పిల్ల రాసిచ్చింది. వ్యాసం అచ్చయింది. “నీ పేరే ముందేశాను, చూశావా నా మనసు!” అన్నాడు.

జర్మనీ నుంచీ జపాన్ నుంచీ మొదలయ్యాయి తిట్లు. ‘ఇలాంటి పొరపాటు చేయకండి, ఇవి కత్తి గాట్లు’ అని ప్రతివాడూ రాశాడు. తిట్టాలన్నా ఆ వ్యాసం పేరు చెప్పాలి కదా! లెక్కపెట్టే కంప్యూటరుకి తిట్టేదో పొగడ్తేదో తెలియదు. సైటేషన్లు వరదలా వచ్చిపడ్డాయి. ఈయనకి శాలువాలు కప్పారు.

ఎస్తేరు ఒక కాలేజీలో ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తే, “ఆ గీతల అమ్మాయివి నువ్వేనా?” అని నవ్వి పంపేశారట. తిన్నగా ఈయన దగ్గరికొచ్చింది.

“సార్, ఆ పేపరు వెనక్కి తీసుకోండి. తప్పు నాది కాదని ఒక్క ముక్క రాయండి. ఇంకొక్క ఇంటర్వ్యూనే మిగిలిందండి నాకు.”

“తీసేస్తే నా సైటేషన్లు ఏమైపోవాలే? ఈ సంస్థ డైరెక్టర్ పోస్టు నాకొస్తుందో లేదో తేలేదాకా దాని జోలికి పోకు.”

“నరాలన్నది మీరే కదండీ!”

“నేనా? ఆ యంత్రాన్ని నేనెప్పుడైనా ముట్టుకున్నానా తల్లీ?”

అదొక్కటీ నిజమే చెప్పాడు.

డైరెక్టరయ్యాక తీరిగ్గా వ్యాసం వెనక్కి తీసుకున్నాడు. ‘మొదటి రచయిత్రి కోతలో చేసిన పొరపాటు వల్ల’ అని నాలుగు లైన్లు అచ్చు వేయించాడు. ఆ నాలుగు లైన్లూ ఆయన ప్రచురణల్లో ఇంకొకటిగా చేరాయి. ఎంత నిజాయితీ అని లోకం మెచ్చుకుంది. ఎస్తేరుని పిలిచిన రెండో కాలేజీ, రానక్కర్లేదని ఫోనులో చెప్పేసింది. ఆమె మళ్ళీ ల్యాబు గడప తొక్కలేదు.

కొత్త యంత్రం వచ్చింది. పాత ఇనుము కొట్టువాడు నన్ను ఆటోలోకి విసిరేస్తుంటే, పక్క హాల్లో ఆయన ‘పరిశోధనలో నీతి’ మీద ఉపన్యసిస్తున్నాడు. కిటికీలోంచి కనబడింది. మొదటి వరసలో పీహెచ్‌డీ పిల్లలు అరచేతులు కందిపోయేలా చప్పట్లు కొడుతున్నారు. వాళ్ళ థీసిసుల మీద ఆయన సంతకం ఇంకా పడలేదు.