తాడు లాగిన పూట

పెళ్లికూతురి తల మీద డ్రయ్యర్ ఆగిపోయింది. నైజీరియాలోని ఇబాదాన్‌లో కరెంటు పోవడం వింతేం కాదు గానీ, సిమిసోలా జుట్టు సగమే ఆరింది. మధ్యాహ్నానికి చర్చిలో ఉండాలి. మోరెనికె చేతులు తుడుచుకుని భర్తకి ఫోన్ చేసింది.

అలవాటది. సెలూన్ ఆమెది, అద్దె కట్టేది ఆమె, పెట్రోలు మోసుకొచ్చేది ఆమె. జనరేటర్ తాడు లాగేది మాత్రం భర్త అకిన్‌తుండె. పెళ్లయిన కొత్తలో ఓసారి ఆమె ఆ తాడు పట్టుకుంటే అత్తగారు వాకిట్లోంచే అరిచింది, "కోడలా, ఇంట్లో మగాడు చచ్చాడా? వదులు దాన్ని!" వదిలేసింది. అతనొస్తాడు, లాగుతాడు, లోపలికి తొంగిచూసి "నేను లేకపోతే మీ ఆంటీ షాపంతా చీకటే" అంటాడు. కూర్చున్న ఆడవాళ్లు నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. ఇంటికెళ్లాక కూడా ఆ నవ్వు దవడల్లో నొప్పెట్టేది. తాడు లాగినందుకు అతను మొనగాడు. మరి ఆ మసి బట్టలుతికి, అతను విప్పిన ముక్కలన్నీ తుడిచి అందించి, ఏది ఎక్కడిదో మరిచిపోతే గుర్తుచేసే తనెవరు? ఎవరూ అడగలేదు. తనూ తనని అడగలేదు.

"ఆట అయ్యాక వస్తా. ముట్టుకోకు, పాడుచేస్తావ్," అన్నాడు ఫోన్‌లో. వెనక మైదానంలో స్నేహితుల కేకలు.

"పెళ్లికూతురు తడితలతో కూర్చునుందండీ."

"కూర్చోనీ. పెళ్లికొడుకెక్కడికీ పారిపోడులే."

సిమిసోలా అద్దంలోంచి ఆమెనే చూస్తోంది. "ఆంటీ, ఇలాగే వెళ్లాలా?"

మోరెనికె పెరట్లోకి నడిచింది. ముందు డ్రయ్యర్ల వైరు ఊడదీసింది. పెట్రోలు ట్యాప్ తెరిచి, చోక్ మూసి, తాడు లాగింది. జనరేటర్ దగ్గి ఊరుకుంది. మళ్లీ లాగింది. మళ్లీ. భుజం పీకేసింది, పెట్రోలు వాసన గుప్పుమంది. అకిన్‌తుండె అయితే ఇక్కడే తిట్లు లంకించుకుని ఇంకా లాగేవాడు. ఆమె ఆగింది. పీకలదాకా తాగి కూర్చుంది ఇది, ఇంకా పోస్తే ఏం లాభం అనుకుంది.

స్విచ్ ఆపి, పానాతో స్పార్క్ ప్లగ్ విప్పింది. నల్లగా, తడిగా ఉంది. తుడిచి, కొసని గరుకు కాగితంతో రుద్ది, ఎండలో పెట్టింది. ప్లగ్ లేకుండానే తాడు లాగి లోపల నిండిన పెట్రోలంతా కక్కించి, తడి ఆరేదాకా పక్కన నిలబడింది. ఏమాత్రం తొందరపడని తన చేతుల్ని చూస్తే తనకే ముచ్చటేసింది. ప్లగ్ బిగించి, ఈసారి చోక్ తెరిచి, ఒళ్లంతా కూడగట్టుకుని లాగింది.

జనరేటర్ గుర్రుమని అందుకుంది.

లోపల ఆడవాళ్లు ఒక్కపెట్టున కేక పెట్టారు. సిమిసోలా పరుగెత్తుకొచ్చి వాటేసుకుంది. "ఆంటీ! మీరే లాగారా?"

"నేనే. ముందు దాన్ని కాస్త వేడెక్కనీ, నువ్వెళ్లి కూర్చో," అంటూనే మోరెనికె ఆ చప్పుడుకి నడుం తిప్పి నాలుగడుగులు ఆడేసింది. పెళ్లికూతురూ ఆడింది.

తల ఆరబెట్టి సిమిసోలాని సాగనంపి వచ్చేసరికి ఎదురింటి టైలర్ బోలాజోకో సెలూన్ గుమ్మంలో ఉంది. "నా జనరేటరూ కదలట్లేదు. మీ ఆయన్నొకసారి పంపవూ?"

"ఆయనెందుకు? పద," అంది మోరెనికె, పానా అందుకుంటూ.

ఆట ముగించుకుని అకిన్‌తుండె వచ్చేటప్పటికి ఆమె బోలాజోకో వాకిట్లో జనరేటర్ ముందు గొంతుక్కూర్చుని ఉంది. అతను వచ్చి మీదికి వంగాడు. "అక్కడేం చేస్తున్నావ్? లే, నన్ను చూడనీ."

ఆమె తలెత్తలేదు. గొంతులో కోపం లేదు, కూనిరాగం మధ్యలో ఆపి అన్నట్టుగా అంది, "వెలుతురుకి అడ్డమొచ్చారు. కాస్త జరగండి."

అతను జరిగాడు.