మరకుక్క పొట్ట విప్పిందెవరు?

"పట్టుకో, పట్టుకో! తోక మింగేస్తున్నాడు!"

అల్లుడి కేకకు కూతురు వంటింట్లోంచి పరుగున వచ్చింది. హాల్లో మరకుక్క, అదే రోబో కుక్క, వెల్లకిలా పడి ఉంది. పొట్ట తెరుచుకుని తీగలు బయట వేలాడుతున్నాయి. ఊడిన తోకను నోట కరుచుకుని నిజం కుక్క నల్లోడు సోఫా కిందికి దూరాడు.

సరిగ్గా అప్పుడే వ్యాన్ వచ్చింది. పెద్దవాళ్లకు తోడుగా కుక్కల్నిచ్చే సంస్థ అది. పెద్దాయనకు ఏది నచ్చుతుందో చూసుకోమని నిజం కుక్కనీ మరకుక్కనీ కలిపి పంపింది. ఇవాళ ఒకటి వెనక్కి వెళ్లాలి.

"ఇంకా ఆలోచనేంటి?" అన్నాడు అల్లుడు. "ఇవాళ మరకుక్క తోక, రేపు మామయ్యగారి పిక్క! నల్లోణ్ణి తీసుకెళ్లండి."

గొలుసుతో లోపలికొచ్చిన వ్యాన్ మనిషి నిట్టూర్చాడు. "వీణ్ణి ఇప్పటికే రెండిళ్లవాళ్లు తిప్పి పంపారు. కరుస్తాడని పేరొస్తే ఇంక ఎవరూ అడగరండీ."

కూతురు తండ్రి వైపు చూసింది. అమ్మ పోయాక నాన్న గడియారాల కొట్టు మూసేసి కుర్చీకి అతుక్కుపోయాడు. చేతులు వణికి స్క్రూడ్రైవర్ అరచేతిలో దిగబడితే, పనిముట్ల పెట్టెకు ఏడాది కిందట తనే తాళం వేసింది. నల్లోడొచ్చాకే ఆయన మళ్లీ గుమ్మం దాటాడు.

"నాన్నా, నువ్వేమంటావ్?"

పెద్దాయన చేతులు వెనక్కి దాచుకుని గోడ వైపు చూస్తున్నాడు. "పాపం, నోరులేని జీవం" అని గొణిగాడు. ఆయన కుడికంటి చుట్టూ ఎర్రటి గుండ్రం ఉంది. కళ్లజోడు ఒత్తుకుందని పొద్దున చెప్పాడు.

నల్లోణ్ణి లాగడానికి కూతురు సోఫా కింద చెయ్యి పెట్టింది. వేళ్లకు చల్లగా ఏదో తగిలింది. బోర్లించిన టీ గ్లాసు. ఎత్తి చూస్తే కింద సాసరు, సాసర్లో బుల్లి బుల్లి మరలు, ఊడదీసిన వరుసలోనే పేర్చినట్టు.

దుమ్ము పడకుండా గ్లాసు బోర్లించే అలవాటు చిన్నప్పుడు కొట్లో రోజూ చూసిందే. కళ్లజోడు రెండు కళ్లనీ ఒత్తాలి కదా? ఒక్క కన్నునే ఒత్తేది కంటికి బిగించుకునే భూతద్దం!

నవ్వు బిగబట్టి అడిగింది. "నాన్నా, మరకుక్క ఛాతీలో గుండెలా ఏదో కొట్టుకుంటుందని సంస్థవాళ్లన్నారు. బాగానే ఉండేదా?"

"బాగా? నా మొహం! నాలుగు కొట్టి ఒకటి మింగుతుంది. గడియారం అలా నడిస్తే నాకు నిద్రెలా పడుతుంది? తీరా విప్పితే లోపల అన్నీ..."

పెద్దాయన నాలుక కరుచుకున్నాడు.

"మరి పెట్టె తాళం?"

"గడియారాలు విప్పేవాడికి అదొక తాళమా!" అన్నాడు ఆయన చిన్నగా. "తిడతావని భయపడ్డానమ్మా. నల్లోడికి గొలుసు వేసేలోపు చెప్పేద్దామనే..."

"చెయ్యేదీ? చూపించు."

ముందుకు చాచాడు. వణుకుతోంది, కానీ ఒక్క గీత కూడా లేదు. ఏడాదిగా గుండెల మీద ఉన్న బండ దిగినట్టనిపించి, ఆమె ఆ చేతిని అలాగే పట్టుకుంది.

"మరి నల్లోడి గుండె?"

"అదీ లయ తప్పే కొడుతుంది. కానీ వాణ్ణి విప్పాలనిపించదు."

తన పేరు విని నల్లోడు బయటికొచ్చి, తోకను పెద్దాయన పాదాల దగ్గర పడేశాడు.

"ఇంతకీ ఆఫీసులో ఏం చెప్పమంటారు?" అన్నాడు వ్యాన్ మనిషి బుర్ర గోక్కుంటూ.

కూతురు అతని చేతిలోని గొలుసు తీసుకుని, దాని బదులు మరలున్న సాసరు పెట్టింది.

"కుక్క కాదని చెప్పండి. విప్పింది మా నాన్న."