బిడ్డకు పేరు

మే నెల రెండో ఆదివారం నాచారంలోని ఆ చిన్న చర్చిలో తల్లుల దినం జరిపారు. టైల్స్ దుకాణం మీద అద్దెకు తీసుకున్న హాలు అది. ఫ్యాన్లు తిరుగుతున్నా అందరూ చెమటలు తుడుచుకుంటున్నారు. పాస్టరమ్మ మైకు అందుకుని, "తల్లులందరూ ఒకసారి లేచి నిలబడండి, మీకోసం ప్రార్థన చేస్తాం" అంది. ఆడవాళ్లు కుచ్చిళ్లు సర్దుకుంటూ లేచారు. ఆడపిల్లలిద్దరు గులాబీల బుట్టలతో వరసల మధ్యకు వచ్చారు.

మానస కూడా లేచింది. సరిగా నిలబడకముందే ముందు వరసలోని ఒకావిడ వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపులో చెడు ఏమీ లేదు, ఉత్త ఆశ్చర్యమే. అయినా మానస చటుక్కున కూర్చుండిపోయింది. గులాబీలు పంచుతున్న అమ్మాయి ఆమె ముందు కాస్త తటపటాయించి పక్కకు వెళ్లిపోయింది.

ఆ ఫిబ్రవరిలో మానసకు ఆడపిల్ల పుట్టింది. ఎనిమిదో నెలలో, కడుపులోనే గుండె ఆగిపోయాక పుట్టింది. ఆసుపత్రిలో నర్సు బిడ్డను గుడ్డలో చుట్టి బయటికి తీసుకుపోతుంటే, "ఒక్కసారి సూపియ్యున్రి" అని మానస బతిమాలింది. అత్త ఉప్పలమ్మ ఆమె తల నిమిరి, "వద్దు బిడ్డా. మొఖం జూస్తే మర్సిపోలేవు. పేరు గూడ వెట్టొద్దు. వెడితే మల్ల గట్లనే అయితదంటరు" అంది.

ఉప్పలమ్మ చెడ్డ మనిషేం కాదు. బాలింత పథ్యం తన చేత్తోనే వండిపెట్టింది. చేపుకొచ్చిన పాలు ఇంకిపోవాలని మల్లెపూలు తెచ్చి కోడలి రొమ్ములకు కట్టింది. కానీ ఉప్పల్ చిలకానగర్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో బిడ్డ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. మానస భర్త సురేష్ నాచారంలో మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తాడు. డ్యూటీ దిగి వచ్చి అన్నం తిని ఫోన్‌లో తల దూర్చేవాడు. ఒకసారి మానస ఆ సంగతి కదిపితే, "జర ఇడిసిపెట్టు మానసా, నాతోని గాదు" అని చెప్పులేసుకుని బయటికి పోయాడు.

ఏప్రిల్‌లో ఘట్‌కేసర్‌లో ఆడబిడ్డ దుర్గాభవానికి సీమంతం చేశారు. "గీ ఎండల నువ్వెందుకు బిడ్డా, ఇంటికాడ ఉండు" అంది అత్త. ఎండకు కాదని మానసకు తెలుసు. వాళ్లు వెళ్లాక తలుపు గడియ పెట్టుకుని మోకాళ్ల మీద పడింది. చనిపోయిన తల్లి చిన్నప్పుడు నేర్పిన ప్రార్థనలేవీ నోటికి రాలేదు. "ఒక్క బిడ్డను మోయనీకి గూడ పనికిరాకపోతి. ఇగ నేనెందుకు దేవా?" అని మాత్రం అడిగింది. పక్కింటి టీవీ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

అందుకే ఆ తల్లుల ఆదివారం ప్రార్థన ముగియకముందే మానస లేచి బయటికి వచ్చేసింది. సగం మెట్లు దిగి అక్కడే కూర్చుంది. వెనకనుంచి సుగుణమ్మ గోడ పట్టుకుని మెల్లగా దిగివచ్చింది. సండే స్కూల్లో పిల్లలకు కథలు చెప్పే ముసలామె. భర్త రైల్వేలో చేసి పోయాడు, ఒక్కతే ఉంటుంది. మూలుగుతూ మానస పక్కనే కూర్చుంది.

"లేచినదానివి మళ్లీ కూర్చున్నావేంటమ్మా?"

"నాకు పిల్లల్లేరు గద పెద్దమ్మా. పాప పోయింది."

"పోయిందంటే ఉన్నట్టేగా. పేరేంటి?"

మానస ఆమె ముఖంలోకి చూసింది. ఇంతవరకూ ఆ మాట అడిగినవాళ్లు లేరు. "వెట్టలే. అత్తమ్మ వద్దన్నది."

సుగుణమ్మ మానస చేయి అందుకుంది. పైన పాట మొదలైంది.

"తెనాలి నుంచి కాపురానికి వచ్చిన కాణ్నుంచీ ఈ తల్లుల దినాలు చూస్తున్నా. ఒక్కసారీ లేవలేదు నేను. నా కడుపు పండలేదమ్మా. మొదట్లో ఆ రోజు చర్చికే వచ్చేదాన్ని కాదు. దేవుడు నన్ను చెల్లని కాసులా పక్కన పడేశాడనుకునేదాన్ని."

"ఇప్పుడో?"

"ఇప్పుడూ బాధే. అబద్ధం ఎందుకు చెప్పాలి? కానీ ఒకటి తెలిసింది. వీళ్లవల్ల నాకేమొస్తుందని చూసుకుని ఆయన మనల్ని చేయలేదు. ప్రేమించి చేశాడు, అంతే. నీ పాపని చూడు. ఏడవలేదు, నవ్వలేదు, ఎవరికీ ఏ పనికీ రాలేదు. అయినా నీ కడుపు చీకట్లో దాని వేలు వేలూ ఆయన కళ్ల ముందే అల్లుకుంది. ఆయనకి తెలిసిన బిడ్డకి మనం పేరు పెట్టకపోవడమేంటి? నీకు విలువ లేదని నువ్వనుకోవడమేంటి?"

మానస ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చాక నోరు తెరిచి ఏడవడం అదే మొదలు. సుగుణమ్మ ఊరుకోమనలేదు.

మర్నాడు పొద్దున మామ హన్మయ్య వాకిట్లో పళ్లు తోముకుంటుంటే మానస వెళ్లి ఎదురుగా నిలబడింది. ఆయన రామంతాపూర్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. కోడలితో ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"మామా, పాపను యాడ వెట్టిన్రు? నన్ను తీస్కపో."

హన్మయ్య లోపల పొయ్యి దగ్గరున్న భార్య వైపు చూశాడు. మూతి కడుక్కుని, తువ్వాల భుజాన వేసుకుని, "నడు బిడ్డా" అన్నాడు.

ఆటో దిగి మూసీ వైపు దారిలో ఉన్న శ్మశానంలోకి వెళ్లారు. హన్మయ్య ముందు గబగబా నడిచాడు. తర్వాత నెమ్మదించాడు. ఆ తర్వాత అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు. కొత్త గోడ కడుతున్నారు. ఆ మూలంతా జేసీబీతో చదును చేసి కంకర పోశారు.

"ఈడ తుమ్మచెట్టుండె. దాని పక్కపొంటి నేనే తవ్విన. సురేష్ గేటు కాడనే కూలవడ్డడు, లోపలికి రాలే. నేనే... చెట్టున్నది గదా అని గుర్తు వెట్టలే బిడ్డా. చెట్టు గూడ కొట్టేసిన్రు."

ఆ పెద్దమనిషి కంకర మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మానసకు కోపం రాలేదు. ఎవరి మీద రావాలి? పక్కనే కూర్చుంది. కాసేపటికి హన్మయ్య తువ్వాలతో ముఖం తుడుచుకుని, ఎటో చూస్తూ అన్నాడు.

"నేను సూసిన."

"ఏంది మామా?"

"మొఖం. పండవెట్టే ముందర గుడ్డ తీసి సూసిన. ఎవ్వరికీ జెప్పలే, మీ అత్తకు గూడ. జుట్టు మస్తుండె, నల్లగ. ముక్కు నీదే. పెదవులు మా సురేష్‌గానివి. ఒక చెయ్యి గిట్ల గదుమ కింద వెట్కొని, నిద్రవోయినట్టే ఉండె. సలి వెడ్తదేమోనని నా తువ్వాల గప్పిన."

మానస కళ్లు మూసుకుంది. నల్లటి జుట్టు, తన ముక్కు, గడ్డం కింద చేయి. ఇన్నాళ్లూ ఆమె మోసిన శోకానికి ముఖం లేదు. ఇప్పుడు వచ్చింది. వచ్చినందుకు గుండె ఇంకా కోసినట్టయింది, అయినా ఆ ముఖాన్ని వదలబుద్ధి కాలేదు.

కంకర మీద అరచేయి ఆనించి, "అమూల్య" అంది. ప్రార్థన చేద్దామనుకుంది గానీ, ఇంకో మాట రాలేదు. హన్మయ్య చేతులు జోడించాడు.

"అంటే ఏంది బిడ్డా?"

"ఎంత వెట్టినా కొనలేనిది అని. దేవుడు గట్లనే సూస్తడంట మామా, అందర్ని." ఆమె కంకరను మెల్లగా నిమిరింది. "నన్ను గూడనంట."

ఆ సాయంత్రం సురేష్‌కు చెప్పింది. అతను గోడవైపు తిరిగి పడుకుని విన్నాడు. చివరికి, "నా పెదవులా? నాయిన గట్లన్నడా?" అని అడిగాడు. తర్వాత చాలాసేపు అతని వీపు కదులుతూనే ఉంది. మానస ఆ వీపు మీద చేయి వేసి ఉంచింది.

దుఃఖం తీరిందని కాదు. వానాకాలంలో దుర్గాభవానికి కొడుకు పుట్టినప్పుడు మానస స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. ఆదివారాలు కొన్నిసార్లు చర్చిలో పాట మధ్యలో ఆగిపోయేది. ఆగినప్పుడు సుగుణమ్మ ఆమె చేయి పట్టుకునేది. కానీ తానెందుకు బతికి ఉన్నానని మాత్రం మళ్లీ దేవుణ్ని అడగలేదు. పాప మొఖం నాకు నువ్వే చూపియ్యాలి ఒకనాడు, అని అడిగేది.

ఒకరోజు కుళాయిలో మంజీరా నీళ్లు వచ్చాయి. మానస లోపల డ్రమ్ము నింపుతోంది. పక్క వాటాలోకి కొత్తగా దిగిన కాకినాడ ఆవిడ, కామాక్షి, బయట బిందె పెట్టుకుంటూ ఉప్పలమ్మను అడిగింది. "మీ కోడలికి పిల్లలెంతమందండీ?"

మానస పైపును డ్రమ్ములోనే వదిలేసి చెవి ఒగ్గింది. అత్త ఎప్పుడూ చెప్పే జవాబు ఆమెకు తెలుసు. ఇంకా లేరమ్మా, దేవుడు జూడాలె.

బయట బిందెలో నీళ్లు పడుతున్న చప్పుడే వినిపించింది.

"ఒక్కతే బిడ్డ," అంది ఉప్పలమ్మ చివరికి. "దక్కలే. అమూల్య దాని పేరు."

"అయ్యో..." అంది కామాక్షి.

డ్రమ్ము నిండి నీళ్లు మానస కాళ్ల మీదుగా పారుతున్నాయి. ఆమె గోడకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.