సముద్రానికి ఎదురిల్లు

నా పని ప్రూఫులు దిద్దడం. బడి పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సు ఒకటి నాకు పేజీలు పంపిస్తుంది. ఎర్ర పెన్నుతో ఎవరెవరి తప్పులో వెతికి, గుర్తులు పెట్టి, తిప్పి పంపిస్తాను. ఏళ్ళ తరబడి ఇదే పని చేయడంతో, నా కళ్ళుగప్పి తప్పించుకునే తప్పు లోకంలో ఉండదన్న నమ్మకం ఒకటి నాలో పాతుకుపోయింది. ఇల్లు వెతికే పని నెత్తిన పడేదాకా ఆ నమ్మకానికి ఏ ఢోకా రాలేదు.

మా ఆవిడ చాలాకాలం బళ్ళో వృక్షశాస్త్రం చెప్పి, ఉన్నట్టుండి పరిశోధన చేస్తానంది. సముద్రపు నాచు మీద. తీరంలో ఉన్న యూనివర్సిటీలో సీటు కూడా వచ్చింది. నా పని ఎక్కడ కూర్చున్నా సాగేదే కాబట్టి నేనూ, మాతోనే ఉండే మా అత్తగారూ కూడా అక్కడికే మకాం మార్చాలని తేలింది. బళ్ళో పని అప్పజెప్పడానికి ఆవిడ ఆగిపోయింది. ఇల్లు చూడ్డానికి నేను ముందు బయల్దేరాను.

"ల్యాబుకి నడిచి వెళ్ళేంత దగ్గరుండాలి. పొడిగా ఉండాలి. అంతే," అంది మా ఆవిడ సంచీ సర్దుతూ. "సముద్రం కనపడకపోయినా నాకేం బాధ లేదు. పగలంతా నేనుండేది అందులోనే."

మొహమాటానికి అంటోందనుకున్నాను. నాచు కోసం ఉద్యోగం వదులుకున్న మనిషికి సముద్రం చేదా? పైగా అప్పటికే నేనొక చోట నోరు జారి ఉన్నాను. ప్రెస్సు మేనేజరుతో మాట్లాడుతూ, "ఇకనుంచి సముద్రానికి ఎదురుగా కూర్చుని దిద్దుతానండీ మీ పేజీలు," అనేశాను. "అదృష్టవంతులు," అన్నాడాయన. ఇన్నేళ్ళలో ఆయన నన్ను చూసి అసూయపడటం అదే మొదలు. నాకు ఆ రుచి తగిలింది.

ఇళ్ళు చూపించే ఆవిడ స్కూటరు మీద వచ్చింది. నడుముకి తాళాల గుత్తి, నోట్లో తక్కువ మాటలు. ముందు యూనివర్సిటీ వెనక గేటు పక్కన సందులోకి తీసుకెళ్ళింది. జిరాక్సు కొట్లు, సైకిళ్ళు బాగుచేసే షెడ్డు, పుస్తకాలు చంకలో పెట్టుకుని టీ తాగుతున్న కుర్రకారు. మేడమీద వాటా. గోడలు శుభ్రంగా ఉన్నాయి, తలుపులు సాఫీగా పడుతున్నాయి, కుళాయి తిప్పితే నీళ్ళు వచ్చాయి. పేజీలో తప్పు లేకపోతే నాకు తోచదు. కిటికీ తెరిచాను.

"ఎదురింటి గోడ కనిపిస్తోందండీ," అన్నాను, పట్టేశానన్న ఆనందంతో.

"ఆ గోడ వల్లే సార్, ఎండ లోపలికి కొట్టదు."

"చూడ్డానికేమీ లేదు కదా."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "చూడ్డానికి అద్దె కట్టేవాళ్ళు వేరే వైపు ఉంటారు సార్. పదండి."

ఆ వేరే వైపున ఇల్లు చూడగానే నా బుద్ధి నా చేతిలోంచి జారిపోయింది. గది తలుపు తీస్తే బాల్కనీ. బాల్కనీ ముందు రోడ్డు, రోడ్డు దాటితే ఇసుక, ఆ తర్వాత ఇక సముద్రమే. తక్కువ మాటల స్కూటరావిడ కూడా ఏదో చెబుతోంది. నేను ఊఁ కొడుతూనే ఉన్నాను. ఒక్క ముక్క చెవికెక్కలేదు.

ఇంటి యజమాని తాళాలివ్వడానికి వచ్చాడు. తెల్ల టోపీ పెట్టుకున్న పెద్దాయన. అందరూ కెప్టెన్ గారంటారు. ఆయన నడిపిన ఓడేదీ లేదని, రేవులో లాంచీలకు టిక్కెట్లిచ్చే కిటికీ దగ్గర కూర్చుని రిటైరయ్యాడని తర్వాత తెలిసింది.

"ఇలాంటి ఇల్లు అద్దెకివ్వడానికి మీకు మనసెలా ఒప్పిందండీ?" అన్నాను.

"పెద్దవాణ్ణైపోయాను మాస్టారూ. ఇంత అందం ఇక తట్టుకోలేను," అన్నాడు మోకాలు నిమురుకుంటూ.

ఎంత భావుకుడో అనుకుని, అక్కడికక్కడే అడ్వాన్సు చేతిలో పెట్టాను.

మా ఆవిడా, అత్తగారూ సామానుతో దిగారు. మా ఆవిడ బాల్కనీలో నిలబడి సముద్రాన్ని చూసింది. తర్వాత యూనివర్సిటీ ఉన్న వైపు చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ల్యాబుకి ఎలా వెళ్ళాలండీ?"

"రెండు బస్సులంతే. దారంతా సముద్రం కనిపిస్తూనే ఉంటుంది."

ఆవిడ ఏమీ అనలేదు. మా ఆవిడ ఏమీ అనకపోవడంలో చాలా రకాలున్నాయి. ఇది నేను ఎక్కువగా చూడని రకం.

అత్తగారు మాత్రం గోడ మీద అరచెయ్యి ఆనించి, "ఇదేంటి బాబూ, గోడలు చెమటలు పోస్తున్నాయి?" అన్నారు. ఈవిడకి నచ్చలేదన్నమాట అని మనసులో రాసేసుకున్నాను.

గోడలతో మొదలైంది. ఉప్పు డబ్బాలో ఉప్పు రాయైపోయింది. తలుపులు ఉబ్బి, మూస్తే తెరుచుకోవు, తెరిస్తే మూసుకోవు. తాళాలకు నూనె పెట్టడం నా దినచర్యలో చేరింది. నా పని సంగతి మరీ అన్యాయం. కాగితాలు అప్పడాల్లా వంకర్లు తిరిగేవి. ఎర్ర సిరా పాకిపోయి, కామా పెడితే పూర్ణవిరామంలా కనిపించేది. నీళ్ళ మీద నుంచి కొట్టే మెరుపుకి కళ్ళలో నీళ్ళు కారేవి. చివరికి బల్లను తిప్పేసి గోడకు ఎదురుగా కూర్చున్నాను. సముద్రం నా వీపు చూస్తూ ఉండేది.

మా ఆవిడ సాయంత్రాలు మోకాళ్ళ దాకా తడిసిన బట్టలతో, రెండు బస్సులు మారి, ఉప్పు వాసనతో ఇల్లు చేరేది. "ఎలా ఉంది?" అని నేను అడిగేలోపు, "బాల్కనీ తలుపు మూయండి, ప్లీజ్," అనేది.

అయినా ఒప్పుకోలేదు నేను. తప్పు దిద్దడం నా వృత్తి. సొంత తప్పు దిద్దుకోవడానికి నాకెవరూ జీతమివ్వడం లేదు కదా.

ఈలోగా మేనేజరు ఫోను చేశాడు. "సముద్రం ముందు కూర్చుని పని చేస్తున్న ఫోటో ఒకటి పంపండి. ఆఫీసులో అందరూ అడుగుతున్నారు," అన్నాడు.

కాదనలేకపోయాను. చిన్న బల్లను బాల్కనీలోకి లాగి, తొమ్మిదో తరగతి సైన్సు పేజీలు దాని మీద పేర్చి, ఫోన్లో టైమరు పెట్టి, గది లోపల కిటికీ అంచున దాన్ని నిలబెట్టాను. ఇస్త్రీ చొక్కా కూడా వేసుకున్నాను. బయటికొచ్చి కూర్చుని, పెన్ను పట్టుకుని, ఆలోచిస్తున్నట్టు గడ్డం మీద వేలు పెట్టాను. సరిగ్గా అప్పుడే గాలి లేచింది. నా వెనక తలుపు ధడాలుమని పడింది. పేజీలన్నీ ఒక్కసారిగా గాల్లోకి లేచి, ఇసుక మీదికి బయల్దేరాయి. తలుపు లాగాను. తుప్పుపట్టిన పిడి ఊడి చేతిలోకి వచ్చింది.

లోపల అత్తగారు రేడియో వింటున్నారు. "అత్తయ్యా," అని కిటికీ అద్దం మీద కొట్టాను. అలల మోతలో నా గొంతు నాకే వినపడలేదు. కాసేపటికి ఆవిడే ఇటు వచ్చారు. నన్ను చూశారు. ఎప్పుడూ లేనిది ఆప్యాయంగా నవ్వారు. మెల్లగా కర్టెను లాగేసి వెళ్ళిపోయారు.

ఇక కింద ఎవరైనా ఉన్నారేమోనని చూశాను. నీళ్ళు వెనక్కి తగ్గి రాళ్ళు తేలాయి. యూనివర్సిటీ వాళ్ళు బకెట్లు పట్టుకుని నాచు ఏరుతున్నారు. వాళ్ళలో, పంజాబీ డ్రెస్సు పైకి ముడేసుకుని, మా ఆవిడ. ఎగిరిన పేజీ ఒకటి వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గరే పడింది. తీసి చూసింది. ఎర్ర సిరా గుర్తుపట్టినట్టుంది, తలెత్తింది. నేను రెండు చేతులూ ఎత్తి, ప్రాణం పోతున్నట్టు ఊపాను.

ఆమె ఒక క్షణం చూసి, చెయ్యి ఊపింది. పక్కనున్న వాళ్ళకి ఏదో చెప్పింది. అందరూ బకెట్లు కింద పెట్టి, వరసగా నిలబడి, నాకు చేతులూపారు. ప్రొఫెసరు గారైతే టోపీ తీసి మరీ ఊపారు.

పని ముగించుకుని మా ఆవిడ ఇంటికొచ్చి తలుపు తన్ని తెరిచేసరికి, నా ఇస్త్రీ చొక్కా మీద ఉప్పు మెరుస్తోంది. తడిసిన పేజీల కట్ట నా చేతిలో పెట్టింది.

"వాళ్ళందరికీ చెప్పానండీ, మా ఆయనకి సముద్రమంటే పిచ్చి అని," అంది. నా మొహం చూసి, "పిచ్చి వదిలిందా?" అని అడిగింది.

"ఇల్లు మారదాం," అన్నాను.

ఆవిడ కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో చేరాక ఆమె అలా నవ్వడం నేను చూడలేదు. చూసి చాలాకాలమైందన్న సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది.

మర్నాడు ఇల్లు ఖాళీ చేస్తామని చెప్పడానికి కెప్టెన్ గారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాం. చిరునామా పట్టుకుని నడుస్తుంటే జిరాక్సు కొట్లు వచ్చాయి. సైకిల్ షెడ్డు వచ్చింది. నేను కాదన్న మేడ కిందే, అరుగు మీద, తెల్ల టోపీ పక్కన పెట్టుకుని, ఆయన పొడి గాలి పీలుస్తూ పేపరు చదువుకుంటున్నాడు.

"రండి మాస్టారూ. పై వాటా ఇంకా ఖాళీగానే ఉంది," అన్నాడు, మేం నోరు తెరవకముందే.

"మీరిక్కడ ఉంటారా?"

"మోకాళ్ళకి ఆ గాలి పడదండీ. మీకప్పుడే చెప్పాను కదా, తట్టుకోలేనని."

తర్వాత అడిగితే, రెండిళ్ళూ ఆయనవేనని తనూ ఆ రోజే చెప్పానంది స్కూటరావిడ. చెప్పే ఉంటుంది. మా ఆవిడ మేడెక్కి, కిటికీ తెరిచి, ఎదురింటి గోడను చూసి, "ఎంత హాయిగా ఉందో," అంది.

వారంలోపే మారిపోయాం. మా ఆవిడ మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తిని వెళ్తోంది. నా కాగితాలు చదునుగా ఉంటున్నాయి. ఆ రోజు టైమరు తీసిన, ఎగిరే పేజీల మధ్య చేతులు చాపిన నా ఫోటోను మా ఆవిడే మేనేజరుకి పంపించేసింది. "ఎంత ఆనందంగా ఉన్నారండీ," అన్నాడాయన. కాదని చెప్పలేదు నేను. అన్నీ చక్కబడ్డాయనుకున్నాను. అత్తగారి రేడియో వినపడటం లేదన్న సంగతి కొన్నాళ్ళ దాకా గమనించనే లేదు.

ఒక సాయంత్రం అత్తగారు ఇంట్లో కనపడలేదు. డాబా మీదికి వెళ్ళి చూస్తే, పిట్టగోడ దగ్గర నిలబడి, రెండు మేడల మధ్య సందులోంచి అటుగా చూస్తున్నారు.

"ఏం చూస్తున్నారత్తయ్యా?"

"ఏం లేదు బాబూ. సముద్రం అటువైపే కదా."

"మీకా ఇల్లు నచ్చలేదనుకున్నానే. గోడలు చెమటలు పోస్తున్నాయన్నారు."

"పోస్తున్నాయి కాబట్టి అన్నాను. నచ్చలేదని ఎప్పుడన్నాను?" అని, మళ్ళీ అటే చూస్తూ చెప్పారు. "పొద్దున్నే మీరిద్దరూ లేవకముందు బాల్కనీలో కూర్చునేదాన్ని. పెళ్ళైన దగ్గర్నుంచి నేను కాపురమున్న ఇళ్ళన్నిట్లో వంటింటి కిటికీ తీస్తే ఎవరిదో గోడే. ఆ రోజు మీరు బయట కూర్చున్నారని చూసి, పాపం ఈయనకీ ఇన్నాళ్ళకి కుదిరింది, కదిలించకూడదని కర్టెను వేశాను."

"మారేటప్పుడు ఒక్క మాట చెప్పాల్సింది కదత్తయ్యా," అన్నాను.

"ఎవరూ అడగలేదుగా బాబూ." నిష్ఠూరంగా అనలేదావిడ. ఉన్నది చెప్పారంతే.

ఎక్కడో ఆఫీసులో కూర్చున్న మేనేజరు మెప్పు కోసం ఇల్లు తీసుకున్నవాణ్ణి, పక్కగదిలో ఉన్న మనిషిని ఒక్కసారైనా అడగలేదు. ప్రూఫుల్లో దీన్ని ఏ గుర్తుతో చూపిస్తారో నాకు తెలియదు.

ఇప్పుడు సాయంత్రం పని ముగించాక నేనూ అత్తగారూ బస్సెక్కి సముద్రం దగ్గరికి వెళ్తున్నాం. మడత కుర్చీ నేను మోస్తాను. ఆవిడ నాకంటే ముందు నడుస్తారు. మొదటి రోజు పక్కన ఇసుకలో చతికిలబడి, ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, తొమ్మిదో తరగతి సైన్సులోంచి ఆటుపోట్ల గురించి మొదలుపెట్టాను.

చంద్రుడి దాకా వచ్చేసరికి అత్తగారు నా భుజం తట్టారు.

"బాబూ, కాసేపు మాట్లాడకుండా కూర్చుందామా?"

కూర్చున్నాను.